చుక్కల గీత

ఫోను ఎంగేజు. చిక్కడపల్లి మార్కెట్టు సందు మొదట్లో ఉన్న ఎస్టీడీ బూతులో నిలబడి డాక్టర్ ఉమాకాంత్ నాలుగోసారి అదే నంబరు నొక్కాడు, నాలుగోసారీ అదే చప్పుడు. ఎడమ చేతిలో కొత్తిమీర కట్టల సంచి. అది ఇంకా చేతిలో ఎందుకుందో ఆయనకే తెలియదు. బూతు గోడమీది గడియారంలో తొమ్మిదీ పన్నెండు. పది గంటలకు నారాయణగూడలోని ఒక నర్సింగ్ హోములో ఎంకమ్మ అనే ఇరవై ఎనిమిదేళ్ళ కూలిమనిషిని లోపలికి తీసుకుపోయి పద్నాలుగు వారాల గర్భం తీసేస్తారు. తీసెయ్యమని ఆయన అనలేదు. అలా అనడం శాస్త్రవేత్త పని కాదని ఇరవై ఏళ్ళుగా విద్యార్థులకు చెబుతున్న మనిషి. ఆయన రాసింది ఒక్క వాక్యం, టైపు చేయించి, సంతకం పెట్టి, ముద్ర వేసి: గర్భస్థ శిశువు మగబిడ్డ, వ్యాధి సంక్రమించి ఉండే అవకాశం నూటికి తొంభై అయిదు. ఆ వాక్యం తప్పు. తప్పని తెలిసి ఆరు నిమిషాలయింది.

ఆరు నిమిషాల కిందట, శనివారపు సెలవు ఇచ్చిన తీరికతో, మూడేళ్ళుగా కొంటున్న చోటనే ఆకుకూర కొంటూ, బీరమ్మ ముందు గొంతుకూర్చున్నాడు. బీరమ్మ ఎంకమ్మకు తల్లి. పాలమూరు నుంచి వచ్చి కవాడిగూడ బస్తీలో ఉంటున్న ఆ కుటుంబం ఆయన దగ్గరికి చేరింది బీరమ్మ వల్లనే. సారు నరాల జబ్బులు చూస్తడంట అని ఎవరో చెబితే ఒకరోజు కూరల గంప పక్కన మనవణ్ణి కూర్చోబెట్టుకుని ఆయన కోసం ఎదురుచూసింది. తొమ్మిదేళ్ళ అంజి. లేవమంటే రెండు చేతులూ నేలకానించి, తర్వాత మోకాళ్ళకు, తర్వాత తొడలకు, తన ఒంటిమీద తానే ఎగబాకుతున్నట్టు లేచాడు. ఉమాకాంత్‌కు ఆ లేవడం తెలుసు. పుస్తకంలో చదవకముందే తెలుసు. ఈ ఉదయం మాత్రం మాట మొదలుపెట్టడానికి ఏదో ఒకటి అడగాలి కనుక అడిగాడు.

"నువ్వు పోలేదా బీరమ్మా, దవఖానకు?"

"నగేషు పోయిండు అక్క ఎంబడి. అల్లుడు మాసయ్యకు స్లాబు పని, ఇడువరు గద. అంజిగాడు ఇంట్ల ఒక్కడుండడు, వాణ్ణి సుత ఎత్తుకపోయిండు. నేను పోయి ఏం జూడాలె సారు?" కొత్తిమీరను గడ్డిపోచతో కడుతూ, ఆయనతో కాదు, కట్టతో అన్నట్టుగా అంది: "పెద్దదుంటె తోడుండు. అది పోరన్ని కని పన్నెండొద్దులకే పాయె. చిన్నది సాదవట్టె. పెండ్లయిన పదేండ్లకు దాని కడుపు వండె, గిట్లాయె."

"పోరన్ని ఎవరు కన్నరు?"

బీరమ్మ చేతిలో కట్ట ఆగింది. "నోరు జారిన సారు. కిష్టమ్మ, మా పెద్దది. గా ముచ్చట ఎక్కడ అనకు. ఇరవయ్యొకటో నాడు పోరన్ని చాటల పండవెట్టి, గడప మీదికెల్లి ఎంకి ఒళ్ళె ఏసినం. చాటల గింజల మీద చెయ్యి వెట్టి ఇంటిల్లిపాది ఒట్టేసుకున్నం, ఇగ వీనికి తల్లి ఎంకే అని. సాదిన తల్లి అన్న మాట పోరని చెవుల పడద్దు. పడితె వానికి మంచిగ గాదు."

"మరి నేను అడిగినప్పుడు ఎందుకు చెప్పలె?"

"నువ్వెప్పుడడిగినవ్? పిల్లలెంతమంది అన్నవ్. ఒక్కడన్నం."

బూతు నడిపే మనిషి గాజు తలుపు తట్టాడు, వెనక ఇద్దరు నిలబడ్డారని. ఉమాకాంత్ బయటికి వచ్చి, ఎదురుగా వచ్చిన ఆటోకు చెయ్యెత్తి, నారాయణగూడ అన్నాడు. పిల్లలెంతమంది. ఆ ప్రశ్నాపత్రం ఆయన స్వయంగా తయారుచేసింది, నలభై ప్రశ్నలు, మేనరికమా, అక్కబిడ్డను చేసుకున్నారా, పుట్టి పోయినవారెవరు, పుట్టక ముందే పోయినవారెవరు. విదేశీ పత్రాల్లో లేని ప్రశ్నలు ఈ నేలమీద ఎన్ని అడగాలో తనకు తెలుసునని ఒక సదస్సులో కొంత గర్వంగానే చెప్పుకున్నాడు. ఎన్నో కాన్పు అని కూడా అడిగాడు. రెండోది అంది ఎంకమ్మ, కళ్ళు దించకుండా, తడబడకుండా. అది అబద్ధం కాదు. గింజల మీద చెయ్యి పెట్టి వేసుకున్న ఒట్టును తొమ్మిదేళ్ళ తర్వాత ఒక తెల్లకోటు మనిషి ముందు నిలబెట్టుకోవడం, అంతే. నీ కడుపున పుట్టినవాడేనా అని ఒక్క మాట అడిగి ఉంటే? అడగడం మర్యాద కాదు. నలభై ప్రశ్నల్లో ఆ ఒక్కటీ లేకపోవడానికి కారణం మర్యాద. ప్రకృతి నియమాలకు మర్యాద తెలియదని జీవితమంతా ఉపన్యాసాలిచ్చి, తీరా అడగవలసిన చోట ఆయన అశోక్‌నగర్‌లో ఇల్లున్న పెద్దమనిషి అయిపోయాడు.

ఆటో వంద గజాలు పోయి ఆగింది. ముందు బస్సు, బస్సు ముందు లారీ, లారీ ముందు మట్టి గుట్ట. "జర ఓపిక పట్టుండ్రి సార్," అన్నాడు డ్రైవరు వెనక్కు తిరగకుండానే. "నీళ్ళ పైపుకని తవ్విండ్రు. టెలిఫోన్లోళ్ళొచ్చి మేం సుత తవ్వుతం, పూడ్వకుండ్రి అన్నరు. ఎవరు పూడ్వాల్నో తెల్వక రెండు నెలలైంది." తొమ్మిదీ ఇరవై. రోడ్డు పక్కన గుడిముందు శనివారం వరస, కొబ్బరికాయల చప్పుడు, అరచేతుల్లో పళ్ళేలు. వాళ్ళు అడుగుతున్నది కూడా ఒక రకంగా అవకాశాల లెక్కేనని ఆయన ఎన్నోసార్లు నవ్వుకున్నాడు. ఈరోజు నవ్వు రాలేదు. వాళ్ళెవరూ నూటికి తొంభై అయిదు అని కాగితం రాసి ముద్ర వేయలేదు.

తప్పు ఎక్కడ పట్టుబడి ఉండాలి? మళ్ళీ మొదటి నుంచి. కండరాలను కరిగించే ఈ జబ్బు తల్లి మోస్తుంది, కొడుకు అనుభవిస్తాడు. తల్లికి ఎక్స్ క్రోమోజోములు రెండు. ఒకటి చెడ్డా రెండోది కాచుకుంటుంది. కొడుక్కు వచ్చేది ఒక్కటే. ఆ వచ్చింది చెడ్డదయితే కాచుకునేది లేదు. అంజి జన్యువులో లోపం ఎక్కడుందో నేరుగా కనబడలేదు, ముగ్గురిలో ఒకరికి కనబడదు. అలాంటప్పుడు చేసేది పోల్చడం: జబ్బున్న కొడుక్కు తల్లి రెండు ఎక్స్‌లలో ఏది వచ్చిందో గుర్తుపట్టి, కడుపులో ఉన్నవాడికీ అదే వచ్చిందా అని చూడడం. రక్తంలోంచి తీసిన డీఎన్ఏకు రేడియోధార్మిక భాస్వరంతో గుర్తు పెట్టి, ఎక్స్‌రే ఫిల్మును గడ్డకట్టే చలిలో ఆరు రోజులు దాచి, ఎర్రదీపం కింద కడిగితే అంజికి ఒక నల్ల గీత, గర్భంలోని బిడ్డకు సరిగ్గా అదే ఎత్తులో నల్ల గీత. ఎంకమ్మకు రెండు గీతలు, అందులో ఒకటి అదే. ఎంత ముచ్చటగా కుదిరిందో. కుదరక ఏమవుతుంది, ఎంకమ్మా కిష్టమ్మా బీరమ్మ దగ్గర ఒకే ఎక్స్ పంచుకున్న అక్కచెల్లెళ్ళు. తండ్రి ఎక్స్ కొడుక్కు రాదు కనుక మాసయ్య రక్తం అడగనే లేదు. అడిగి ఉంటే అంజి వాళ్ళ కడుపున పుట్టలేదని అక్కడే బయటపడేది. ఇంకొకటి కూడా ఉంది, ఇదే ఇప్పుడు ఆటోలో ఆయనను కూర్చోనివ్వనిది: ఎంకమ్మ రక్తంలో కండరాల ఎంజైము మామూలుగా ఉంది. జబ్బును మోసే తల్లుల్లో చాలామందికి అది ఎక్కువుంటుంది. చాలామందికి, అందరికీ కాదు, ముగ్గురిలో ఒకరికి మామూలుగానే ఉంటుంది. కనుక ఎంకమ్మ ఆ ఒకరు అనుకున్నాడు. తన లెక్కకు ఎదురొచ్చిన ఒకే ఒక్క సాక్షిని మినహాయింపు అనే గదిలో కూర్చోబెట్టి గొళ్ళెం పెట్టాడు. జ్యోతిష్కులు సరిగ్గా ఇదే చేస్తారని ఆయన వ్యాసం రాసి ఉన్నాడు.

అయితే ఇప్పుడు నిజం ఏమిటి? లోపం బీరమ్మ నుంచే దిగివచ్చి ఉంటే ఎంకమ్మ బిడ్డకూ అది వచ్చినట్టే. లోపం కిష్టమ్మలోనే కొత్తగా పుట్టి ఉంటే, ఒక్క అక్షరం, ఒక్క చోట, ఎవరి పాపమూ లేకుండా, అప్పుడు ఈ బిడ్డకు వచ్చిన ఎక్స్ చూడడానికి అదే అయినా నిష్కళంకమైనది. పాత లెక్క తొంభై అయిదు. కొత్త లెక్క సుమారు ముప్ఫై మూడు, ఇంకా తక్కువే కావచ్చు. ముగ్గురిలో ఇద్దరు ఆరోగ్యంగా పుట్టే చోట, ముగ్గురినీ చంపమని కాగితం. తొమ్మిదీ ఇరవై ఎనిమిది. బస్సు ఒక అడుగు కదిలి మళ్ళీ ఆగింది.

ఎవరి పాపమూ లేకుండా. అదే మాట తల్లితో ఎన్నిసార్లు అన్నాడు. అప్పుడు వాళ్ళు నారాయణగూడలోనే, ఇప్పుడు ఆటో వెళ్ళలేకపోతున్న వైపే, రెండు గదుల కిరాయి ఇంట్లో ఉండేవారు. తమ్ముడు బాలకిషన్, ఆరేళ్ళు చిన్న, పిక్కలు పహిల్వాను పిక్కల్లా లావుగా, నడవబోతే కూలిపోయేవాడు. రోజూ ఉదయం వాణ్ణి భుజాల మీద ఎక్కించుకుని బడికి తీసుకుపోయేవాడు ఉమాకాంత్. వాడు పైనుంచి దారి చెప్పేవాడు, అన్నా ఎడమకు, అన్నా బర్రె, అన్నా జల్ది. చెవులు పట్టుకుని గుర్రాన్ని తిప్పినట్టు తిప్పేవాడు. తల్లి కడుపులో దోషం అన్నారు చుట్టాలు. నాగదోషం అన్నారు. ఆమె పుట్టలన్నీ తిరిగింది, తడిబట్టతో ప్రదక్షిణలు చేసింది, పిల్లవాడు పదిహేడో ఏట ఊపిరి పీల్చే కండరాలు కూడా కరిగి ఒక మధ్యాహ్నం మెల్లగా ఆగిపోయాడు. ఉస్మానియాలో పండు ఈగల కళ్ళరంగు మీద పని చేస్తూ, ఎర్రకన్ను తెల్లకన్ను లెక్కపెడుతూ, ఒకనాడు ఆ జబ్బు పేరూ అది నడిచే దారీ చదివి తెలుసుకున్నాక, చుట్టాలు వాడిన ఆ మొరటు మాట సగం నిజమని ఆయనకు అర్థమయింది. తల్లి మోసింది. దోషం కాదు, కానీ మోసింది. ఆమె బతికినంత కాలం ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. ఎవరి తప్పూ లేదమ్మా అనేవాడు, అది నిజమే, కానీ మొత్తం నిజం కాదు. గింజల మీద చెయ్యి పెట్టని ఒట్టు. అంటే, ఆయనకూ ఉంది ఒకటి. బీరమ్మను ఏ ముఖంతో తప్పుపడతాడు?

మరి నీకెందుకు రాలేదు అని తమ్ముడు ఒకసారి అడిగాడు. భుజాల మీది నుంచి, ఏ ఉక్రోషమూ లేకుండా. అప్పుడు జవాబు తెలియదు. తర్వాత తెలిసింది: అమ్మ రెండు ఎక్స్‌లలో నాకు వేరేది వచ్చిందిరా. ఒకవేళ నాకూ నీకొచ్చిందే వచ్చి ఉండి, నేను నిన్ను ఇట్లా మోస్తూ ఉన్నానంటే, అమ్మలో లోపమే లేదని అర్థం. ఆరోగ్యంగా ఉన్న అన్న ఒక రుజువు.

ఉమాకాంత్ నిటారుగా కూర్చున్నాడు. నగేష్. బీరమ్మకు ఒక కొడుకున్నాడు. ఇరవై రెండేళ్ళు, సిమెంటు బస్తా భుజాన వేసుకుని మూడంతస్తులు ఎక్కుతాడు, అంజిని దవఖానకు తెచ్చిన ప్రతిసారీ మెడమీద ఎక్కించుకుని తెచ్చింది వాడే. నగేష్‌కు వచ్చిన ఎక్స్ ఏది? రెండిట్లో ఒకటి. అంజికి వచ్చిందే వాడికీ వచ్చి, వాడు ఆ బస్తాలు మోస్తున్నాడంటే, బీరమ్మ నుంచి దిగివచ్చిన లోపమంటూ ఏదీ లేదు, ఎంకమ్మ బిడ్డ దాదాపుగా క్షేమం. రెండోది వచ్చి ఉంటే వాడి రక్తం ఏమీ చెప్పదు, ముప్ఫై మూడు ముప్ఫై మూడుగానే ఉంటుంది. సగానికి సగం. నాలుగు నెలలుగా జవాబు ప్రశ్నను మెడమీద మోసుకుంటూ తన ప్రయోగశాల గుమ్మందాకా వచ్చింది, బయట బెంచీమీద కూర్చుని బీడీ కాల్చి వెళ్ళిపోయింది. "ఇక్కడ దిగుత," అన్నాడు. "ఇక్కడనా? గింత దూరం నడుస్తరా ఎండల?" ఉమాకాంత్ నోటు సీటుమీద పెట్టి దిగేశాడు. కొత్తిమీర సంచి ఆటోలోనే ఉండిపోయింది.

నడక అనుకున్నది నాలుగడుగులకు పరుగైంది. యాభై ఒక్క ఏళ్ళ మనిషి చెప్పులతో పరిగెత్తితే రోడ్డు ఎలా చూస్తుందో అలానే చూసింది. మట్టి గుట్టలు, పైపులు, పుస్తకాలు చంకన పెట్టుకుని లైబ్రరీకి పోతున్న ఉద్యోగార్థులు, ఎవరో సార్ అన్నారు, పాత విద్యార్థి కావచ్చు. పది గంటలంటే పదేనా, ముందుగా తీసుకుపోరు కదా, మత్తు ఎప్పుడిస్తారు, శనివారం కేసులు తక్కువ ఉంటాయి, తక్కువ ఉంటే తొందరగా మొదలుపెడతారు. ఇరవై రెండేళ్ళలో ఎన్ని నివేదికలు రాశాడు, మూడు వందలా? వాటిలో ఎన్ని చాటల్లోంచి వచ్చాయి? ఎన్ని ఇళ్ళలో గింజల మీద చేతులు? చౌరస్తా. సందు. ఆకుపచ్చ గేటు. కౌంటరు మీద ఫోను రిసీవరు పక్కకు పెట్టి ఉంది. ఎవరినో పిలవడానికి వెళ్ళి మరిచిపోయారు.

ఎంకమ్మ వరండాలో బెంచీమీద ఉంది. చీర తీసేసి దవఖాన గౌను వేశారు, కాళ్ళకు మాత్రం ఆమె సొంత పట్టీలు. పక్కన నగేష్, వాడి ఒళ్ళో అంజి. తొమ్మిదీ యాభై. ఉమాకాంత్ స్తంభం పట్టుకుని నిలబడ్డాడు, ముందు ఊపిరి రావాలి.

"నువ్వెందుకొచ్చినవ్ సారు?" అంది ఎంకమ్మ. "భయమైతలేదు నాకు. పొద్దుగాల్నుంచి ఏం తినలె, అగో అందుకు వణుకుడు."

ఆయన అంజిని చూశాడు. తర్వాత ఆమెను వరండా చివరికి, నీళ్ళ కుండ దగ్గరికి పిలిచాడు. గొంతు బాగా తగ్గించి, "కిష్టమ్మ సంగతి బీరమ్మ చెప్పింది," అన్నాడు.

ఎంకమ్మ ముఖంలో ముందు వచ్చింది కోపం కాదు. చటుక్కున వెనక్కు తిరిగి అంజి ఎంత దూరంలో ఉన్నాడో కొలుచుకుంది. "వాడు ఇన్నడా?"

"లేదు."

"మరి గిప్పుడెందుకు గా ముచ్చట?"

లోపలి డాక్టరమ్మకు రెండు మాటల్లో చెప్పి వచ్చాడు. ఆమె గడియారం చూసి, మీరే తేల్చుకొని చెప్పండి, చట్టం ప్రకారం నాకింకా ఆరు వారాల గడువుంది అంది. తర్వాత చొక్కా జేబులోంచి పెన్ను తీసి, ఎంకమ్మ చేతిలో ఉన్న తన నివేదికనే తిప్పి, వెనకవైపు గీయడం మొదలుపెట్టాడు. పైన ఒక గుండ్రం, బీరమ్మ. దానికింద వరసగా ఒక గుండ్రం, కొట్టేసి ఉన్నది, కిష్టమ్మ. ఒక గుండ్రం, ఎంకమ్మ. ఒక చదరం, నగేష్. జబ్బు బీరమ్మ దగ్గర మొదలైందా, కిష్టమ్మ దగ్గరనా అన్నది తెలియదనీ, తెలుసుకోకుండా తను రాశాడనీ, నగేష్ రక్తం పరీక్షిస్తే పది రోజుల్లో తెలిసే వీలు సగం ఉందనీ చెప్పాడు. సగం అన్న మాటను రెండుసార్లు చెప్పాడు.

"అంటే లోపటోడు మంచిగున్నట్టా?"

"తెల్వదమ్మా."

"మొన్న తెలుసంటివి గద."

"మొన్న తెలుసనుకున్న."

ఎంకమ్మ కాగితం మీది గీతల నుంచి కళ్ళెత్తింది. "రెండు దినాలాయె సారు, నేను మాసయ్య మొఖం జూడలె, ఆయన నా మొఖం జూడలె. నువ్వు తెలుసంటివి." తర్వాత గౌను అంచు పట్టుకుని, "నా చీర ఏడవెట్టిండ్రో," అంది. తమ్ముడి వైపు తిరిగి, "నగేషూ, సారుకు నీ రక్తం గావాల్నంట."

"తీస్కోమను," అన్నాడు నగేష్, చొక్కా చెయ్యి అప్పుడే మడుస్తూ. "మేస్త్రి తాగంగ మిగిలింది ఎంతుంటె గంత."

ఉమాకాంత్ బొమ్మ పూర్తి చేయాలి. అంజి చదరానికి కిష్టమ్మ దగ్గరనుంచి ఒక నిండు గీత దించాడు. తర్వాత ఎంకమ్మ దగ్గరనుంచి చుక్కలు చుక్కలుగా ఒక గీత. ప్రపంచమంతటా అంతే, పెంచినవారికి చుక్కల గీత. ఎంకమ్మ చదువుకోలేదు, కానీ గోడ వంకర కనిపెట్టే కన్ను. వేలు నేరుగా అక్కడే పెట్టింది.

"గిది నేనా?"

"నువ్వే."

"గిది అంజా? మరి నా గీత గిట్ల తెంపులు తెంపులుగ ఎందుకుంది?"

"సాదినోళ్ళకు అట్లనే గీస్తరు."

"వాడు రెండో తరగతి సారు. కాయిదమేది కనవడ్డ పట్టుకుంటడు." ఆమె గొంతు గట్టిగా లేదు. "నిండుగ గీయి."

చుక్కల గీత ఒక్కటి ముందే ఉండి ఉంటే తను ఈరోజు ఈ వరండాలోకి పరుగెత్తుకొచ్చి నిలబడేవాడు కాదు. ఫైల్లో అది ఉండాలి, ఉంటుంది, ఇంటికి పోగానే వేస్తాడు, ప్రశ్నాపత్రంలో నలభై ఒకటో ప్రశ్న కూడా రాస్తాడు, మర్యాద ఉన్నా లేకున్నా. ఈ కాగితం ఫైలు కాదు. పెన్ను ఆనించి చుక్కనూ చుక్కనూ కలిపాడు, గీత కొంచెం వంకరపోయింది. ఆ తర్వాత కిష్టమ్మ గీత మీద పెన్ను పెట్టి, దీన్నేం చెయ్యను అన్నట్టు చూశాడు.

"ఉండనీ," అంది ఎంకమ్మ. "అక్కది అక్కదే."

నగేష్ అంజిని మెడమీద ఎక్కించుకుని దగ్గరికి వచ్చాడు. పిల్లవాడు పైనుంచి వంగి, మామ రెండు చెవులూ పట్టుకుని, కాగితం చూశాడు. "నేనేడున్న?" ఎంకమ్మ చూపించింది. వాడు గీతల వెంట వేలు పైకి పోనిచ్చి, రెండుగా చీలిన చోట ఆగాడు.

"అందరికి ఒక్కటే గీత ఉంది. నాకు రెండెందుకు?"

ఉమాకాంత్ నోరు తెరిచాడు. ఎంకమ్మ చెయ్యి గౌను అంచు మీద బిగుసుకుంది.

"బరువున్నవ్ గదరా," అన్నాడు నగేష్, కిందినుంచి. "ఒక్కటి ఆగుతదా?"